గీకేసిన నీలం

పలాసలో సైకిలు కొనకముందే కొట్టతనితో గొడవ పెట్టుకున్నాను. కొట్టు నిండా ఆడవాళ్ల సైకిళ్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి గానీ అన్నీ కలిపి మూడే రంగులు. నలుపు, మెరూను, ఇంకొకటి ఏ రంగో అతనికే తెలీదు, తడిసిన బూడిదలా ఉంది. "ఇంకేటీ నేవా?" అని అడిగితే, "ఆడోలు ఇయ్యే కొంతారమ్మా. మాసినా కనపడదు" అన్నాడు. మాసినా కనపడదట! చిన్నప్పట్నుంచీ ఈ మాట వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి. బడి సంచీ కొన్నా, దుప్పటి కొన్నా, ఆఖరికి కుట్టుమిషను మీద కప్పే గుడ్డ కొన్నా మాసినా కనపడని రంగే కొనాలి మా ఇంట్లో. చేసేదేమీ లేక మెరూనుది తీసుకున్నాను. తీసుకుంటూనే దాని రంగు ఎలాగైనా మార్చేయాలని అనుకున్నాను.

నేను రవికలు కుడతాను. మాది ఉద్దానంలో సముద్రాన్ని ఆనుకున్న ఊరు, చేపల వేట మీద బతికే ఊరు. కానీ నా దగ్గర కుట్టించుకునేవాళ్లు ఎక్కువమంది లోపలి ఊళ్లవాళ్లు, జీడితోటలూ కొబ్బరితోటలూ ఉన్న రైతుల ఇళ్ల ఆడవాళ్లు. వాళ్లు మా ఊరికి రారు. నేనే వెళ్లి కొలతలు తీసుకోవాలి, గుడ్డ తెచ్చుకోవాలి, కుట్టాక మళ్లీ పట్టుకెళ్లి ఇవ్వాలి. రంగుల సంగతి మాత్రం వాళ్లు నన్నే అడుగుతారు. ఈ చీరకి ఏ రవిక, ఆ రవిక అంచుకి ఏ పైపింగు, లేసు బంగారు రంగుదా వెండి రంగుదా అని. రాణీ పింక్ మీద చిలకపచ్చ వేయించుకోమని నేను చెబితే మొదట మొహం చిట్లించిన వాళ్లే, పెళ్లిలో అందరూ అడిగారని తరవాత కబురు పంపుతారు. ఇన్నేళ్లూ నాకు కలిసొచ్చిన విద్య అదొక్కటే. ఊరందరికీ రంగులు చెప్పే దాన్ని, పెయింటు ఎక్కడికక్కడ లేచిపోయి, మా అన్న వాడి వదిలేసిన మొగవాళ్ల సైకిలు తొక్కుకుంటూ పదేళ్లు తిరిగాను. కొత్త సైకిలు నా డబ్బుతో నేను కొనుక్కున్నాను. ఇంట్లో ఈ ఒక్క వస్తువైనా నేను అనుకున్నట్టు ఉండాలి, అంతే నేను కోరింది.

అదే రోజు పలాసలో రెండు చిన్న డబ్బాల రంగు కొన్నాను, ఒకటి రాణీ పింక్, ఒకటి చిలకపచ్చ. వాటితోపాటు హ్యాండిలు చివర వేలాడే కుచ్చులు, చక్రాల చువ్వలకి ఎక్కించే రంగు పూసలు, గుండ్రటి అద్దం, ముందు తగిలించే తెల్ల బుట్ట, గట్టిగా మోగే పెద్ద బెల్లు. మనిషికి పిచ్చి పట్టిందా అన్నట్టు చూశాడు కొట్టతను. చూడనీ అనుకున్నాను.

ఇంట్లో నేనూ నాన్నా ఇద్దరమే ఉంటాం. అమ్మ పోయి ఆరేళ్లు దాటింది. మా ఆయన గుజరాత్‌లో వీరావల్ రేవులో బోట్ల మీద పనిచేస్తాడు, ఆ ఏడు అక్కడే రిపేరు పనులకి ఉండిపోయి ఇంటికి రాలేదు. మా అన్నతో సహా మా ఊళ్లో సగం మంది మగవాళ్లు అక్కడే ఉంటారు. అందుకే నాన్న పడవ మీదకి తోడు వచ్చేవాళ్లు కరువయ్యారు. మోకాళ్లు కూడా పట్టేయడంతో, సైకిలు కొనడానికి ముందు ఏడాది, వేట నిషేధం ఉన్న రోజుల్లో, మూలపేట వైపు ఊరిలో వరసకి మావయ్య అయ్యే ఒకాయనకి పడవ అమ్మేశాడు. అమ్మేశానని మాత్రం నాన్న ఎప్పుడూ అనడు. "పడవ అటు పంపినాం" అంటాడు. ఎవరైనా గట్టిగా అడిగితే దగ్గుతాడు.

నాన్న పడవది నీలం రంగు. నడుం చుట్టూ తెల్ల పట్టీ, పై అంచుకి ఎరుపు. మా ఒడ్డున ఏ పడవ రంగు దానిదే, ఇంకొకరు ఆ రంగుల జోలికి పోరు. ఒడ్డున నిలబడ్డ ఆడవాళ్లు ఇంకా మనుషులు కనపడకముందే రంగు పట్టుకుని ఎవరి పడవ వస్తోందో చెప్పేస్తారు. చిన్నప్పుడు నీలం కనపడగానే నేను పరిగెత్తుకెళ్లి అమ్మకి చెప్పేదాన్ని, అమ్మ గంప ఎత్తుకుని బయల్దేరేది. ఏటా నిషేధం రోజుల్లో పడవలన్నీ ఇసకలో వరసగా ఉంటాయి, ఎవరి పడవకి వాళ్లు కొత్త రంగు వేసుకుంటారు. నాన్న తన పడవకే కాదు, అడిగినవాళ్లందరి పడవలకీ పట్టీలూ నెంబర్లూ రాసిపెట్టేవాడు. గీత తిన్నగా ఉండాలంటే నాన్నే గీయాలని ఊళ్లో పేరు.

నేను సైకిలు తెచ్చింది సరిగ్గా ఆ రోజుల్లోనే. ఒడ్డంతా రంగుల వాసన. నాన్న ఆ ఏడు ఒడ్డుకే వెళ్లలేదు, అరుగు మీద కూర్చుని వల తాడు పేనుకుంటూ ఉండేవాడు. వల లేదు, తాడెందుకో ఎవరికీ తెలీదు. ఒకరోజు మాత్రం పొద్దున్నే బస్సెక్కి మూలపేట వైపు వెళ్లొచ్చాడు. వచ్చాక అన్నం సరిగా తినలేదు. ఏమైందంటే, "ఎండ" అన్నాడు. ఎండే కాబోలు అనుకుని నేను మళ్లీ మిషను మీద కూర్చున్నాను.

నా రెండు డబ్బాలూ చూసి నాన్న మూతలు తీయకుండానే పక్కన పెట్టేశాడు.

"నువ్వేటెయ్యగలవు? బ్రష్షు పట్టడం వచ్చునా నీకు? నానేత్తానుండు" అన్నాడు.

"ఏత్తే ఎయ్యి గాని నానా, బాడీ అంతా పింకు. చైను కవరుకీ మడ్‌గార్డులకీ చిలకపచ్చ. సరేనా?"

"సరే సరే" అన్నాడు.

ఆ సరే విని నేను నమ్మేశాను. పెళ్లిళ్ల రోజులు, చేతినిండా ఊపిరాడని పని. మూడు రోజులు అన్న పాత సైకిలు మీదే తిరిగాను. నాలుగో రోజు మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి పెరట్లో కొబ్బరిచెట్టుకి ఆనించి నా కొత్త సైకిలు నిలబడి ఉంది. నీలం. బాడీ అంతా నీలం, మధ్య కడ్డీ మీద తెల్ల పట్టీ, మడ్‌గార్డుల అంచున ఎరుపు. చైను కవరు మీద తెల్ల అక్షరాలతో, గీత కొట్టినట్టు తిన్నగా, పడవ రిజిస్ట్రేషను నెంబరు. పూర్తి నెంబరు, ముందుండే ఇంగ్లీషు అక్షరాలతో సహా. హ్యాండిలుకి నా కుచ్చులు లేవు, వాటి స్థానంలో పేనిన వల తాడు చుట్టి ఉంది. సీటు వెనక రెండు బెండ్లు, వల నీళ్లలో తేలడానికి కట్టే బెండ్లు, ముడి వేసి వేలాడదీశాడు. నా డబ్బాలు రెండూ మూతలు కూడా తీయకుండా గోడ పక్కన ఉన్నాయి.

 నాకు నోరు ఆగలేదు.

"నానేటి సెప్పినాను, నువ్వేటి సేసినావు? పింకు అన్నాను గదా! ఇదేటి, సైకిలా, పడవా?"

"ఆ పింకు ఎండకి ఆగదమ్మీ. రెండు నెలలకి ఎలిసిపోతాది. ఇదైతే ఉప్పుగాలికి కూడా ఏటీ అవదు. కింద తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడు రెండు కోట్లేసినాను" అన్నాడు నాన్న, చేతులకి కిరసనాయిలు రాసుకుంటూ. ఆ మొహంలో సంతోషం చూసి నాకు ఇంకా మండింది. ఏడాదిగా ఆ మొహం నేను చూడలేదు. అదే నా నోరు కట్టేసింది. పోనీలే, కొన్నాళ్లు తొక్కి తరవాత మార్చుకుందామనుకున్నాను. ఆ కొన్నాళ్లూ నేను పడ్డ తిప్పలు ఇన్నీ అన్నీ కావు.

ఒడ్డు మీదుగా వెళ్తే పిల్లలు వెనకపడేవాళ్లు. "పడవొచ్చిందిరో" అని కేకలు. వదిన వరస వాళ్లు "ఈయాల ఏటి పడ్డాయే?" అని పలకరించేవాళ్లు. మా ఊళ్లో ఆ వేళాకోళం ఎలాగో పడ్డాను. లోపలి ఊళ్లలోనే నా ప్రాణం తీశారు. సీటు వెనక బెండ్లు చూసి చేపలమ్మేది వచ్చిందనుకుని ఆడవాళ్లు గిన్నెలు పట్టుకుని బయటికొచ్చేవాళ్లు. నేను సంచీలోంచి రవికలు తీస్తే వాళ్ల మొహాలు పాలిపోయేవి. ఒకసారి కాదు, ప్రతి ఊళ్లోనూ ఇదే తంతు. బెండ్లు ఊడదీసి ఇంట్లో దాచాను. నాన్న మర్నాడే మళ్లీ కట్టాడు, ఈసారి ఇంకా గట్టి ముడి.

ఒక ఊళ్లో ఒకామె ఉంది, ఆ వీధిలో సగం రవికలు ఆమె మాట మీదే నా దగ్గరికొస్తాయి. నేను పిన్నీ అని పిలుస్తాను. ఆమె గిన్నెతో బయటికొచ్చి, చేపలు లేవని తెలిసి, సైకిలు చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"ఇదేటమ్మా, పడవకేసిన రంగేసినారు? ఎవులేసినారు?"

"ఏమో పిన్నీ. కొట్టులో ఇలాగే ఇచ్చినారు" అన్నాను.

ఆ అబద్ధం అంత సులువుగా నా నోటెంట ఎలా వచ్చిందో నాకే తెలీదు. ఆమె నవ్వి, కొత్త రవిక మడత విప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ఎన్నేళ్లుగానో కుట్టిస్తోంది, ఎప్పుడూ అలా చూడలేదు. "నీసు వాసనొత్తన్నట్టుంది" అంది, పక్కింటామెతో, నాతో కాదు. ఆ రవిక నేను పొద్దున్నే ఇస్త్రీ చేసి, కవరులో పెట్టి తెచ్చాను. నీసు వాసనెక్కడిది? సైకిలు రంగు చూసి ఆమె ముక్కుకి వచ్చింది ఆ వాసన. తల కొట్టేసినట్టయింది. ఇంటికెళ్లే దారంతా మూలపేటలో కడుతున్న పోర్టుకి రాళ్లు తీసుకెళ్లే లారీలు దుమ్ము కొడుతూ పోతుంటే, ఆ దుమ్ములో ఏడుస్తూ తొక్కాను. మా ఊరి దాన్నని నాకు సిగ్గు లేదు. సిగ్గు లేదని అనుకుంటూ వచ్చాను. ఆ రోజు సిగ్గుపడ్డాను, అలా సిగ్గుపడినందుకు నా మీద నాకే కోపం వచ్చింది, ఆ కోపమంతా నాన్న నీలం మీదకి మళ్లింది.

నిషేధం అయిపోయి పడవలు నీళ్లలోకి దిగాయి. ఒక ఆదివారం పడవ కొన్న మావయ్య మా ఇంటికొచ్చాడు. కాఫీ తాగి, అటూ ఇటూ మాట్లాడి, చివరికి సైకిలు వైపు చూస్తూ మెల్లగా అన్నాడు.

"బావా, ఏటీ అనుకోకు. పడవ మాకిచ్చినాక నెంబరు మాది గదా. సైకిలుకి ఉంతే ఎవులేనా ఫోటో తీసి ఏదో అంతారు. మా కుర్రోలు ఒకటే గోల."

నాన్న నవ్వాడు. "సైకిలు సముద్రంలోకి ఎల్తాదేటి?" అన్నాడు. మావయ్య నవ్వలేదు. నాన్న లోపలికెళ్లి బ్రష్షు తెచ్చి, డబ్బా అడుగున గీరి, ఆయన ఎదురుగానే నెంబరు మీద ఒక్క పట్టు నీలం లాగేశాడు. ఇంత చిన్నదానికి ఇంత దూరం రావాలా అని నాకు మావయ్య మీద చిరాకు, ఇదంతా తెచ్చిపెట్టింది నువ్వే కదా అని నాన్న మీద చిరాకు. మావయ్య వెళ్లిపోతూ "వత్తాను బావా" అంటే నాన్న తల ఊపాడు గానీ లేవలేదు.

నెంబరు పోయింది కదా, ఇక మిగతాది కూడా పోవచ్చు అనుకున్నాను నేను.

నాలుగు రోజుల తరవాత నాన్న నౌపడలో మా పెద్దత్త ఇంటికి వెళ్లాడు, మూడు రోజులుంటానని. ఆయన ఎక్కిన ఆటో మలుపు తిరగ్గానే మిషను మీద గుడ్డ కప్పి, గరుకు కాగితాలు తెచ్చి పెరట్లో కూర్చున్నాను. నాన్న రంగు అంత తేలిగ్గా వదల్లేదు. కాగితాలు అరిగిపోయాయి గానీ నీలం అరగలేదు. కిరసనాయిలు పోసి నానబెట్టాను, పాత చాకుతో గీకాను, చువ్వల సందుల్లోకి వేలికి గుడ్డ చుట్టి తోశాను. నీలం పోతే కింద ఎర్రగా రెడ్ ఆక్సైడు. అది కూడా ఎందుకుండాలని దాన్నీ, దాని కింద కొట్టువాళ్ల మెరూనునీ గీకాను. కొత్త రంగు శుభ్రంగా పట్టాలంటే ఇనుము కనపడాలని నాకు నేనే చెప్పుకున్నాను, నాకెవరూ చెప్పలేదు. చేతివేళ్లు బొబ్బలెక్కాయి. రెండోరోజు మధ్యాహ్నానికి పెరడంతా నీలం పొడి, సైకిలు మాత్రం తెల్లగా, ఇనుమై నిలబడింది.

అప్పుడు నా డబ్బాలు మూతలు తీశాను. రాణీ పింక్ బాడీకి, చిలకపచ్చ చైను కవరుకీ మడ్‌గార్డులకీ. గీతలు కాస్త వంకర పోయాయి, పోనీ. కుచ్చులు కట్టాను, పూసలు ఎక్కించాను, అద్దం బిగించాను, తెల్ల బుట్ట తగిలించాను. ఆరాక బయటికి తీసి తొక్కుకుంటూ పోయాను. ఎందుకు అబద్ధం చెప్పాలి, ఆ గంటసేపు నాకున్నంత సంతోషం నా పెళ్లినాడు కూడా లేదు. జీడితోటల మధ్య రోడ్డు మీద నా చక్రాల పూసలు టకటక మోగుతుంటే, ఎదురొచ్చిన ప్రతివాళ్లూ తల తిప్పి చూశారు. ఒక్కరు కూడా చేపలడగలేదు.

నాన్న మూడో రోజు సాయంత్రం వచ్చాడు. నేను తగువుకి సిద్ధంగా నిలబడ్డాను, నా మాటలన్నీ వరసగా పెట్టుకుని. నాన్న సంచీ అరుగు మీద పెట్టి, సైకిలు చూసి, దగ్గరికొచ్చి బొటనవేలి గోరుతో పింకు మీద మెల్లగా గీరాడు.

"కింద ఏటేసినావు?"

"ఏటీ యెయ్యలేదు. అంతా గీకేసి ఏసినాను."

"రెడ్ ఆక్సైడు కూడా గీకేసినావా?"

"గీకేసినాను. శుబ్బరంగా ఉండాలి గదా."

నాన్న నేల మీద గొంతుక్కూర్చుని, పెరట్లో మిగిలిపోయిన నీలం పొడిని వేళ్లతో కాస్త కదిపాడు. తిడతాడనుకున్నాను. తిట్టుంటే ఎంత బాగుండేది!

"పడవ మీద ఎవులూ గీకరమ్మీ" అన్నాడు. "పాత రంగు మీదే కొత్త రంగు ఏత్తారు. పాతది ఉంతేనే కొత్తది పట్టుకుంతాది. మన పడవ మీద నువ్వు పెళ్లి సేసుకున్న ఏడు ఏసిన రంగుంది, మీయమ్మ పోయిన ఏడు ఏసిన రంగుంది, అన్నీ ఒకదాని కింద ఒకటి. మీ మావయ్యోలు ఈ నిషేధంలో పచ్చరంగు ఏసేసినారు. సూసొచ్చినాను గదా. పచ్చదే గాని కింద మనదే ఉంది."

అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. ఆ రోజు మూలపేట వైపు వెళ్లి ఎండ అన్నది ఇందుకు. వచ్చిన వారంలోనే నా సైకిలు నీలం చేసింది ఇందుకు. ఆ నీలం ఎక్కడిదని అడిగాను. పడవ అమ్మితే మిగిలిన రంగు డబ్బాలూ తాళ్లూ పడవతోపాటే ఇచ్చేస్తారు మా దగ్గర, అది అందరికీ తెలిసిన పద్ధతి. నాన్న ఒక డబ్బా ఇవ్వలేదట. సగం ఉన్న డబ్బా, అటక మీద దాచాడట. నాన్న నీలం కొట్టులో దొరికేది కాదు. కొట్టులో కొన్నదానికి తెలుపూ నలుపూ తన లెక్కలో కలుపుకుంటాడు, ఎంతెంతో ఎవరికీ చెప్పడు. ఆ సగం డబ్బా అంతా నా సైకిలుకే అయింది. మిగిలిన తడి, మావయ్య ఎదురుగా నెంబరు మీద లాగాడు.

 నాకు కోపం వచ్చింది, అదేం కోపమో. "ఇదంతా ముందే సెప్పొచ్చు గదా నానా! నోరు నేదేటి నీకు?" అని అరిచాను.

"నువ్వడగనేదు గదా" అన్నాడు నాన్న, లేచి కాళ్లు కడుక్కోడానికి వెళ్తూ.

అడగలేదు, నిజమే. కుట్టించుకునే ప్రతి ఆడమనిషినీ ఈ రంగు ఎందుకు కావాలి, దేనికి వేసుకుంటారు, ఎవరి పెళ్లికి అని పది ప్రశ్నలు అడిగే దాన్ని, ఇంట్లో నాన్నని ఒక్కటి అడగలేదు. ఆయన మాత్రం నా డబ్బాల మూతలైనా తీశాడా? తీయలేదు. 

శ్రావణంలో వానలు పట్టాయి. నాన్న చెప్పినట్టే అయింది. ఉప్పుగాలీ తడీ కలిసి పింకు కింద ఇనుము తుప్పు పట్టింది. ముందు చిన్న పొక్కులు, తరవాత అవి పగిలి పెళ్లలు పెళ్లలుగా రాలడం. నా రాణీ పింక్ చూస్తుండగానే చిరిగిన రవికలా అయింది. రోజూ పొద్దున్నే దాన్ని చూస్తుంటే ఒళ్లంతా గోక్కోవాలనిపించేది. చివరికి ఒకరోజు సైకిలు తెచ్చి నాన్న ముందు నిలబెట్టాను.

"నీ నీలమే ఎయ్యి నానా. కలుపు మళ్లీ. కింద నీలమెయ్యి, మీద నా పింకెయ్యి. పడవకేసినట్టు."

నాన్న తుప్పుని గోరుతో గీరి చూశాడు. "కలపొచ్చు. ఎందుకు కలపాల? ఆ రంగు పడవది. పడవ నేదు గదా మనకి" అన్నాడు.

ఆ మాట నాన్న నోట మొదటిసారి విన్నాను. విన్నాక ఇక నేను బతిమాలలేదు.

నాన్నే కూర్చుని తుప్పు గీకాడు, రెడ్ ఆక్సైడు రెండు కోట్లు వేసి, ఒక్కో కోటుకీ రెండు రోజులు ఆరనిచ్చి, మీద పింకు వేశాడు. చైను కవరుకీ మడ్‌గార్డులకీ చిలకపచ్చ వేసి, మడ్‌గార్డుల అంచున పింకుతో సన్నటి గీత లాగాడు. నేను అడగలేదు ఆ గీత. రవికకి పైపింగులా ఉంది. సరిగ్గా నేను ఆ రోజు పలాసలో ఎలా అనుకున్నానో అలాగే ఉంది సైకిలు, దాని కన్నా బాగుంది. కుచ్చులు కూడా తనే కట్టాడు. బెండ్లు కట్టలేదు. ఒకటి రెండుసార్లు సీటు వెనక చెయ్యి పెట్టి చూసుకున్నాను, ఉంటాయేమోనని.

వాన తెరిపిచ్చిన రోజు ఆ సైకిలు మీద పిన్ని ఉండే ఊరు వెళ్లాను, దసరా రవికల కొలతలకి. ఆమె గిన్నె లేకుండా బయటికొచ్చి, చెంప మీద చెయ్యి పెట్టుకుని చూసింది.

"ఓలమ్మా, ఎంత బాగుందో! ఆ గీత సూడు, ఎంత తిన్నగా ఉందో! ఎవులేసినారు, పలాసలోనా?"

"కాదు పిన్నీ. మా నాన ఏసినాడు."

"మీ నాన పెయింటరా?"

"కాదు. వేటకెల్లేవోడు. పడవలకి రంగులేసేవోడు. అప్పుడు నీలం ఏసింది కూడా మా నానే. మా పడవ రంగది."

ఆమె మొహంలో ఏదైనా మారుతుందేమోనని నేను గడ్డం ఎత్తి నిలబడ్డాను. మళ్లీ ముక్కు చిట్లిస్తే చెప్పాల్సిన మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆమెకి అవేమీ పట్టలేదు.

"మీకు పడవుందేటమ్మా! మరి ఇన్నేళ్లూ సెప్పవేటి? ఈసారొచ్చినప్పుడు నాలుగు వంజరాలు తెచ్చిపెట్టు మాకు."

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఆమె జుట్టు పట్టుకోవాలని కూడా అనిపించింది. టేపు విప్పాను.

"నేదు పిన్నీ. అమ్మేసినాం" అన్నాను.

ఆమె అయ్యో అని కొలతకి చెయ్యి చాపింది. చేతి చుట్టుకొలత రెండుసార్లు తీశాను, మొదటిసారి అంకె చూడనే లేదు.